కాసేపు ఆగే జాగా

కుంపటి దగ్గరకు జరగండర్రా. దల్మా కొండ మీంచి గాలి దిగిందంటే పుష్యమాసంలో ఈ ఊరి చలి ఎముకల్లో దూరుతుంది. అమ్మలూ, ఆ శాలువా తమ్ముడికి కూడా కప్పు. ఆ, ఇప్పుడు అడగండి.

పొద్దున్న మీ అమ్మ అడిగింది కదా, "గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని రావడానికి ఇంతసేపా మావయ్య గారూ" అని. దణ్ణానికి ఎంతసేపమ్మా? రెండు నిమిషాలు. మిగతా పొద్దంతా మనుషులతోనే పోతుంది. ఒకడి మోకాళ్ల నొప్పి వినాలి, ఒకడి కొడుకు పుణేలో ఉద్యోగం మారాడట, అది వినాలి. మొన్న పోయిన మా పాత ఫోర్‌మన్ దినం ఎప్పుడో కనుక్కోవాలి. ఇదంతా చేయకుండా వచ్చేస్తే గుడికి వెళ్లినట్టే ఉండదు నాకు. ఎందుకలా అలవాటైందో చెప్పాలంటే ఈ ఊరి పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

ఈ ఊరు నేల మీద కంటే ముందు ఒక ఉత్తరంలో పుట్టింది. 1902లో జమ్‌షెడ్‌జీ టాటా విదేశంలో ఉండి పెద్దకొడుకు దోరాబ్జీకి రాశాడు. అప్పటికి ఇనుము కార్ఖానా ఎక్కడ పెట్టాలో కూడా తేలలేదు. అయినా ఆ పెద్దాయన ఊరు ఎలా ఉండాలో రాసేశాడు. వీధులు వెడల్పుగా ఉండాలి, నీడనిచ్చే చెట్లు నాటాలి, వాటిలో ఒకటి విడిచి ఒకటి తొందరగా ఎదిగే రకం కావాలి. పచ్చికకూ తోటలకూ బోలెడు చోటు వదలాలి. ఫుట్‌బాల్‌కీ హాకీకీ మైదానాలు ఉంచాలి. హిందువుల గుళ్లకూ ముస్లింల మసీదులకూ క్రైస్తవుల చర్చిలకూ ముందే జాగాలు గుర్తు పెట్టాలి. ఈ సంగతులన్నీ మీరూ బడిలో వినే ఉంటారు. నాకు మాత్రం ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. కొలిమి ఎక్కడ పెట్టాలో తెలియకముందే, ఆ కొలిమి దగ్గర ఒళ్లు కాల్చుకునేవాడు సాయంత్రం ఎక్కడ కూర్చుంటాడో ఆలోచించాడాయన. 1904లో కన్ను మూశాడు, పాపం, ఏదీ చూడలేదు. 1907లో కంపెనీ పెట్టారు, సాక్చీ అనే పల్లె దగ్గర జాగా దొరికింది, 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ బయటికి వచ్చింది. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జమ్‌షెడ్‌పూర్ అని పేరు పెడితే, కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

అయితే ఒక మాట. ఆ ఉత్తరంలో గుడి ఉంది, మసీదు ఉంది, చర్చి ఉంది. అప్పటికే ఈ నేల మీద ఉన్న దేవుడి జాగాలు లేవు. సంతాలులు, హోలు, భూమిజులు ఇక్కడివాళ్లు. సంతాలుల ఊరు ఏదైనా తీసుకోండి, ఊరి చివర సాల చెట్ల తోపు ఉంటుంది, దాన్ని జాహేర్ అంటారు. గోడ ఉండదు, కప్పు ఉండదు, విగ్రహమూ ఉండదు. ఫాల్గుణంలో సాల పువ్వు పూస్తే బాహా పండగ ఆ చెట్ల కిందే. ఊళ్లో మాంఝీ, అంటే ఊరిపెద్ద, ఇంటి ముందు మాంఝీ థాన్ ఉంటుంది, తగువులూ పెళ్లి మాటలూ అక్కడ తేలతాయి. కరన్‌డీహ్ వైపు వెళ్లినప్పుడు దిశోమ్ జాహేర్ చూపించాను కదా మీకు, గుర్తుందా? మా చిన్నప్పుడు వయసులో పెద్దవాళ్లు ఆ చెట్లను చూపించి "అది వాళ్ల అడవి" అనేవారు. అది అడవి అనుకున్నంతకాలం, వాళ్లు దాని కింద ఎందుకు నిలబడతారో మనకు అర్థం కాదు. నాకు అర్థమయ్యేసరికి జుట్టు నెరిసింది. చెట్టూ, నీడా, చుట్టూ నిలబడడానికి కాస్త నేల, ఇంతే పెట్టి వందల ఏళ్లు ఒక జాతిని కలిపి ఉంచారు వాళ్లు.

మన సంగతికి వద్దాం. మా నాన్న సిక్కోలు పక్క పల్లె నుంచి వచ్చాడు. ఆమదాలవలసలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో దిగి, అక్కడ మనవాళ్లు రైల్వేలో బోలెడుమంది ఉండేవారు కాబట్టి రెండు రోజులు ఎవరింట్లోనో తిని, ఇంకో రైలెక్కి టాటానగర్ చేరాడు. చేతిలో రేకు పెట్టె, అందులో రెండు పంచెలు, ఆవకాయ జాడీ. మాట్లాడడానికి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. స్టేషన్లో దిగినవాడు ఎక్కడికి వెళ్లాలి? మనవాళ్లు చెప్పి పంపింది ఒకటే. "బిష్టుపూర్‌లో మన రాముడి గుడికి పో. గుడి ముందు కూర్చో. పొద్దుగూకేలోపు ఎవడో ఒకడు పలకరిస్తాడు."

అలాగే జరిగింది. ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం అంటే ఇప్పుడు మీరు బ్రహ్మోత్సవాలకీ వైకుంఠ ఏకాదశికీ వెళ్లే గుడి. మా నాన్న తరానికి అది గుడీ, సత్రమూ, పోస్టాఫీసూ అన్నీనూ. పొద్దుటి 'ఏ' షిఫ్ట్ వాళ్లు మధ్యాహ్నం రెండింటికి దిగి, స్నానం చేసి, సాయంత్రానికి అక్కడ చేరేవారు. చదువు వచ్చినవాడు రానివాడికి ఇంటి ఉత్తరం చదివి పెట్టేవాడు. ఆ ఉత్తరాల్లో రహస్యం ఏముంటుంది, ఒకరికి చదువుతుంటే పదిమంది వినేవారు. గేదె ఈనింది, కరణం గారితో తగువు తెగింది, అప్ప పెళ్లికి ఎంత పంపుతావు... ఒక ఊరివాడి కబురు ఇంకో ఊరివాడికి కబురైపోయేది. ఊరినుంచి ఎవరు వచ్చినా ముందు గుడికి వచ్చి ఎవరికి ఏం తెచ్చాడో చెప్పేవాడు. తల గొరిగించుకుని ఎవరైనా వస్తే ఇంట్లో పెద్దాయన పోయాడని అడగక్కర్లేకుండానే తెలిసిపోయేది. పక్కకు జరిగి చోటిచ్చేవారు. మా నాన్నకు మొదటి గదీ, మెస్సులో భోజనమూ, చివరికి మా అమ్మ సంబంధమూ ఆ గుడి దగ్గరే కుదిరాయి.

ఇది వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదులే. మన వైపు ఏ పల్లెకు వెళ్లినా రామకోవెల ఉంటుంది. పెద్ద గోపురమేం ఉండదు, ముందు ఒక అరుగు, ఓ రావిచెట్టు. పగలు పిల్లలు గోళీలాడతారు. మధ్యాహ్నం ముసలాళ్లు పడుకుంటారు. రాత్రి భజన. ఊరి తీర్పులు అక్కడే. హరికథ వచ్చినా, తప్పెటగుళ్లు వచ్చినా అక్కడే. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథలు విన్న తాతలు మా వాళ్లలో ఉండేవారు. వాళ్లు ఎక్కడికి వలస పోయినా నలుగురు కూర్చుని వినే చోటు ఒకటి వెతుక్కునేవారు. మరి పైడితల్లి సిరిమాను చూశారు కదా! మూడులాంతర్ల నుంచి కోట దాకా ఆ మాను తిరుగుతుంటే వీధే గుడి అయిపోతుంది. ఆ పూట మేడల మీదా అరుగుల మీదా ఎవరి ఇల్లు ఎవరిదో ఎవరూ అడగరు. ఆ అలవాటు ఒంట్లో ఉన్నవాళ్లు గుడి కడితే ముందు అరుగు కడతారు, తర్వాతే గర్భగుడి.

గుడి దగ్గర మనవాళ్లే దొరికేవారు. మిగతా ఊరు దొరికింది కుళాయి దగ్గర.

మా వరుస చివర ఒకటే కుళాయి. నీళ్లు వచ్చేది పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు. మా అమ్మా, బెంగాలీ బౌదీ, ఒడియా మావుసీ, ఛప్రా నుంచి వచ్చిన చాచీ, ఒక పంజాబీ బామ్మ, అందరి బిందెలూ ఒకే వరుస. అందరికీ వచ్చిన భాష ఒక్కటీ లేదు. మా అమ్మ హిందీ అంతా ఆ కుళాయి దగ్గర నేర్చుకున్నదే, అందుకే అందులో సగం బెంగాలీ ఉండేది. నీళ్లు సన్నగా వచ్చిన రోజు తగువులు గట్టిగానే జరిగేవి. జుట్లు పట్టుకున్న రోజులూ చూశాను. కానీ మా తమ్ముడు పుట్టిన రాత్రి నాన్న సి షిఫ్ట్‌లో ఉంటే, మా ఇంట్లోకి వచ్చింది ఆ జుట్టు పట్టుకున్న చాచీయే. రోజూ మొహం మొహం చూసుకోక తప్పనివాళ్లు ఎంతకాలం కోపంగా ఉంటారు? తర్వాత ఇంటింటికీ కుళాయి వచ్చింది. మంచిదే. నడుం విరిగే చాకిరీ తప్పింది, మా అమ్మ ఆ రోజు కుళాయికి బొట్టు పెట్టింది. ఆ సౌకర్యాన్ని తప్పుపట్టను. ఆ వరుస పోయాక దాని బదులు ఇంకేదైనా పెట్టాలని ఎవరికీ తట్టలేదు, నా బాధ అది.

తట్టినవాడు ఒకడున్నాడని తర్వాత తెలిసింది నాకు. ఈ ఊరికి మొదట పిట్స్‌బర్గ్ కంపెనీ ఒకటి పటం గీసింది. 1919, 20 ప్రాంతంలో టెంపుల్ అనే ఇంజనీరు దాన్ని విస్తరించాడు, తర్వాత స్టోక్స్ వచ్చాడు. వాళ్ల తర్వాత, 1940లలో, ఓటో కోనిగ్స్‌బర్గర్ వచ్చాడు. జర్మనీలో పుట్టిన యూదుడు, హిట్లర్ పుణ్యాన దేశం వదిలి మైసూరు సంస్థానంలో ఆర్కిటెక్టుగా చేరినవాడు, తర్వాత భువనేశ్వర్ పటం గీసినవాడు. ఊరంతా ఒకే ముద్దగా ఉండకూడదు, పేటలు పేటలుగా ఉండాలి, ఒక్కో పేటలో బడీ, బజారూ, ఆటస్థలమూ నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండాలన్నది ఆయన పద్ధతి. నడిచి వెళ్లేంత దగ్గర, ఆ ఒక్క మాట కోసం ఆయన ఫొటో నా గోడకు పెట్టుకుంటాను. బండి మీద వెళ్లేవాడు ఎవరి దగ్గరా ఆగడు. మన కదమా బజారుకు నడిచి వెళ్లి చూడండి, కిలో వంకాయలు తెచ్చేలోపు ఎంతమందితో మాట్లాడాల్సి వస్తుందో!

జూబిలీ పార్క్ ప్రారంభం నాకు లీలగా గుర్తుంది. 1958 మార్చి 1. కంపెనీకి యాభై ఏళ్లు నిండాయని ఊరికిచ్చిన బహుమానం, మైసూరు బృందావనం చూసి చేయించారన్నారు. నెహ్రూ గారు వచ్చారు. నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. నాకు కనిపించింది తెల్ల టోపీ ఒకటీ, జనమూ. అదివరకు దొరల బంగళాలు ఉన్న నార్దర్న్ టౌన్ వైపు మేం పిల్లలం వెళ్లడానికి జంకేవాళ్లం. ఎవరో తరిమారని కాదు, అక్కడ మనకు పనేముంది అనిపించేది. పార్క్ వచ్చాక ఆ జంకు పోయింది. జనరల్ మేనేజర్ భార్యా, క్రేన్ ఖలాసీ భార్యా ఒకే గులాబీ మడి చుట్టూ నడిచేవారు. మార్చి 3న, వ్యవస్థాపకుడి పుట్టినరోజున దీపాలు పెడతారు కదా, ఆ రాత్రులు ఊరు ఊరంతా అక్కడే. పలకరింపులు కావు గానీ, ఒకరి పిల్లల్ని ఒకరు చూసి నవ్వుకోవడమైనా జరిగేది. తప్పిపోయిన గుంటడు ఏడుస్తుంటే ఏ భాషవాడైనా ఎత్తుకునేవాడు. పెద్ద తోట చేసే పని అంతవరకే. సాయంత్రమంతా అందులో నడిచి, ఒక్కరితోనూ మాట్లాడకుండా ఇంటికి రావచ్చు. ఊరికి అదీ కావాలి. ఒంటరిగా ఉండాలనిపించే రోజులు ఎవరికి ఉండవు? కానీ దాంతోనే సరిపోదు.

సరిపోదని ఈ ఊరు ఘోరంగా నేర్చుకుంది. చెప్పమంటారా? మీరు పెద్దవాళ్లయ్యారు, వినాల్సిందే.

1979. నేను అప్పటికి కార్ఖానాలో చేరి కొన్నేళ్లయింది. మానగో తెలుసు కదా, సువర్ణరేఖ నది అవతల. ఆ ఏడు శ్రీరామనవమి ఊరేగింపు ఒక ముస్లిం పేట దారిలోంచి వెళ్లాలా వద్దా అన్న తగువు వచ్చింది. తగువు నానింది. పండగ దాటిపోయింది. ఏప్రిల్ 11న ఊరేగింపు బయల్దేరింది. ఆ తర్వాత జరిగింది నేను రాత్రిపూట మీకు చెప్పను. వందమందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది ముస్లింలు. జకీ అన్వర్ అని ఉర్దూ కథా రచయిత ఉండేవాడు, అందరూ కలిసి ఉండాలని పాటుపడ్డ మనిషి, ఆయన్నీ చంపేశారు. కర్ఫ్యూ. మిలిటరీ. తర్వాత జస్టిస్ జితేంద్ర నారాయణ్ కమిషన్ వేశారు. మా ఇంట్లో ఆ ఏడు పానకం చేసుకున్నాం, పండగ రోజున. వారం తిరక్కుండానే ఆ రాముడి పేరు చెప్పుకుని ఇళ్లు తగలబెట్టారంటే మా అమ్మ నమ్మలేదు. చాలా రోజులు అన్నం సరిగా తినలేదు.

నేను అప్పటినుంచీ ఇదే ఆలోచిస్తూ వచ్చాను. గుడికి జాగా ఉంది, మసీదుకు జాగా ఉంది, చర్చికి ఉంది, ఎవరి జాగా వాళ్లకు ఎనభై ఏళ్ల కిందటి ఉత్తరంలోనే రాసిపెట్టారు. మరి ఎందుకు ఇలా అయింది? రాజకీయాలున్నాయి, రెచ్చగొట్టినవాళ్లున్నారు, అవి కాదనను. వాటి తప్పు వాటిదే. దాంతోపాటు నాకు కనిపించింది ఇది. మానగో కంపెనీ హద్దుకు అవతల ఉంది. అక్కడ ఇళ్లు ఒకదాని మీద ఒకటి పడి పెరిగాయి. పార్కు లేదు, మైదానం లేదు, కోనిగ్స్‌బర్గర్ పేటా లేదు. ఇరుపక్షాలకూ ఉమ్మడిగా మిగిలింది రోడ్డొక్కటే. కాబట్టి తగువంతా రోడ్డు మీదకు వచ్చి పడింది. ఎవరి గుడి వాళ్లకుంది, ఇద్దరూ కలిసి నిలబడాల్సిన కుళాయి మాత్రం లేదు. పక్కింటివాడి పేరు తెలియని చోట పుకారు చెప్పినవాడి మాటే చెల్లుతుంది.

కర్ఫ్యూ సడలాక కార్ఖానాలో మా షాపులో ఒక ముస్లిం మిస్త్రీ తిరిగి డ్యూటీకి వచ్చాడు. నాకు పని నేర్పినవాడు, చాచా అనేవాణ్ణి. ఆయన ఇంటి సంగతి మాకు తెలుసు. ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు. ఆ రోజంతా బేరింగుల గురించీ, స్పానర్ సైజుల గురించీ మాట్లాడుకున్నాం. పక్కరోజు కూడా అంతే. ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవని సామాను మా షాపులో ఉండేది, ఒక చివర ఆయన, ఒక చివర నేను. అలా పదిపదిహేను రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం ఆయన తన కూతురి చదువు గురించి ఎత్తాడు. ఆ పనే లేకపోతే, ఎదురెదురుగా నిలబడాల్సిన ఎనిమిది గంటలే లేకపోతే, నేను ఆయన మొహం చూసే ధైర్యం చేసేవాణ్ణి కాదు.

సరే, ఆ కథ ఇక చాలు. కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు వెయ్యి, అమ్మలూ.

నదికి వెళ్దాం. ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన దేవుడి జాగా ఏదంటే ఏ గుడీ చెప్పను. ఖర్కయి ఒడ్డు, అక్కణ్ణించి కిందకు సోనారీ దోముహానీ దాకా, ఖర్కయీ సువర్ణరేఖా కలిసే చోటు. కార్తీకమాసం వస్తే మన ఆడవాళ్లు తెల్లవారకుండానే వెళ్లి చన్నీళ్ల స్నానం చేసి అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. దీపావళి వెళ్లిన నాలుగో రోజు మనకు నాగుల చవితి. సరిగ్గా ఆ రోజే బీహారు వాళ్లకు ఛఠ్ మొదలు. నహాయ్-ఖాయ్ అంటారు, స్నానం చేసి శుచిగా ఒకపూట తింటారు. మన పంచాంగం, వాళ్ల పంచాంగం వేరువేరు ఇళ్లల్లో వేలాడుతుంటాయి గానీ, తిథి ఒకటే. మా అమ్మ పుట్టలో పాలు పోసి చిమ్మిలీ చలిమిడీ చేసి చాచీ ఇంటికి పంపేది. షష్ఠి సాయంత్రం ములిగే సూర్యుడికీ, సప్తమి పొద్దున్న లేచే సూర్యుడికీ అర్ఘ్యం ఇచ్చాక చాచీ ఇంటి నుంచి ఠేకువా వచ్చేది. గోధుమపిండి, బెల్లం, నెయ్యి. పది రోజులు దాచుకుని తినేవాళ్లం.

ఆ షష్ఠి సాయంత్రం ఒడ్డు చూశారు కదా. నడుం లోతు నీళ్లలో నిలబడ్డ ఆడవాళ్లు, చేతుల్లో చేటలు, చెరుకుగడలు. పూజారి అడ్డం లేడు, తలుపు లేదు, టిక్కెట్టు లేదు. దేవుడు ఆకాశంలో అందరికీ కనిపిస్తున్నాడు. సూర్యుడు ములిగేదాకా అందరూ ఆగాలి, తొందరపెట్టడం ఎవరి చేతిలోనూ లేదు. ఆ ఆగడంలోనే పక్కవాళ్లతో మాట కలుస్తుంది. మీ ఆవిడ ఎన్నేళ్లుగా చేస్తోంది, ఏ మొక్కు, అబ్బాయికి నయమైందా? ఘాట్ మెట్లు అంతకుముందు రోజు పేటలోని కుర్రాళ్లే కడుగుతారు, దారి ఊడుస్తారు, దీపాల తీగలు కడతారు. ఆ పనికి వచ్చేవాళ్లలో ఛఠ్ చేసే ఇళ్లవాళ్లే ఉండాలని ఏమీ లేదు. నేనూ వెళ్లి ఊడ్చాను. మా షాపు చాచా కొడుకూ వచ్చేవాడు. సంక్రాంతికి టుసు బొమ్మలతో ఆదివాసీ, కుర్మీ ఆడపిల్లలు పాడుకుంటూ అదే ఒడ్డుకు వస్తారు. మనకు సంక్రాంతి, వాళ్లకు టుసు. ఒడ్డు మాత్రం ఒకటే.

అన్నట్టు, జాహేర్ సంగతి ఉత్తరంలో లేదన్నాను కదా, ఇప్పుడు కాస్త మారింది. బిష్టుపూర్‌లో మేం రీగల్ మైదాన్ అనేవాళ్లం, ఇప్పటి గోపాల్ మైదాన్, అక్కడ 2014 నుంచి బిర్సా ముండా పుట్టినరోజు నవంబరు 15న సంవాద్ అని ఆదివాసీల కూడిక పెడుతున్నారు. దేశం నలుమూలల నుంచీ తెగలు వస్తాయి. నగారాలు మోగితే మన వీధి దాకా వినిపిస్తుంది. కిందటిసారి మీ నాయనమ్మ ఒక ముసలావిడ దగ్గర కూర్చుని ఏదో ఆకు పసరు గురించి గంటసేపు అడిగింది. ఆ ఇద్దరికీ మధ్య ఉన్నది ఎవరిదీ కాని మైదానం, కింద పరిచిన పట్టా. ఈ నేల ఎవరిదో వాళ్లు నడిమైదానంలో కూర్చుంటే, మనం అతిథులుగా వెళ్లి వింటున్నాం. ఎప్పుడో జరగాల్సింది.

ఇక చిన్నోడా, నీ సంగతి. ఆర్కిటెక్చర్ చదువుతున్నావు, మన కాలనీ గుడికీ పక్కన హాలుకీ కొత్తగా పటం గీసిమ్మని కమిటీవాళ్లు నిన్నే అడిగారు, నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. మధ్యాహ్నం నువ్వు పడుకున్నప్పుడు ఆ కాగితాలు కళ్లజోడు పెట్టుకుని చూశాను. గోపురం బాగుంది. పాలరాయి మెట్లు బాగున్నాయి. ఒకటి చెప్పు నాన్నా, ఆ మెట్ల మీద కూర్చోవచ్చా? అంత ఇరుకుగా, అంత నున్నగా పెడితే ఎక్కడానికే గానీ ఆగడానికి ఉండదు. రెండు మెట్లు వెడల్పు చెయ్యి, అరుగంత. ముసలాళ్లు వీపు ఆనించుకోవడానికి గోడ ఉండాలి. చెప్పులు విడిచే చోటు మూల చీకట్లో పెట్టావు, ముందుకు తీసుకురా, నీడలో పెట్టు. చెప్పులు వేసుకుంటూనే సగం కబుర్లు జరుగుతాయి. మా తరంలో కుదిరిన పెళ్లిళ్లలో ఎన్ని అక్కడ కుదిరాయో నీకేం తెలుసు.

నీళ్ల కుళాయి లోపల పెట్టావు. ఒకటి గోడ బయటికి, వీధి వైపు కూడా పెట్టు. రిక్షా లాగేవాడు నీళ్లు తాగడానికి మన దేవుడి అనుమతి అడగక్కర్లేదు. మసీదుకు వెళ్లేవాళ్లు ఆ దారినే పోతారు, రంజాన్ ఎండల్లో వచ్చిన ఏడు సాయంత్రం వాళ్లకూ పనికొస్తుంది. కమిటీలో ఒకరిద్దరు ఒప్పుకోరు, నాకు తెలుసు. వాళ్లతో నేను మాట్లాడతాను, అది నా పని. హాలు తలుపులు ఆవరణ లోపలికి కాకుండా వీధి వైపు తెరిస్తే బాగుంటుంది. పెళ్లి లేని రోజు పిల్లలు అక్కడ చదువుకుంటారు. ఎవరి పిల్లలు అని అడగకూడదు. ప్రసాదం ఇచ్చే కిటికీ కూడా వీధికే ఉండనీ, నవమి రోజు పానకం ఆ కిటికీలోంచే దారిన పోయే ప్రతివాడికీ అందాలి. లైట్లు తగ్గించి చెట్లు పెంచు. జమ్‌షెడ్‌జీ చెప్పినట్టు ఒకటి విడిచి ఒకటి తొందరగా పెరిగేది వెయ్యి, నా కళ్లతో నేను నీడ చూడాలి కదా.

ఇంకొకటి. పడమటి గోడ గీశావే, అది సరిగ్గా ఆ వేపచెట్టు ముందు నుంచి పోతోంది. ఆ చెట్టు కింద ఎవరు కూర్చుంటారో నువ్వు ఎప్పుడూ చూసి ఉండవు, ఆలస్యంగా లేస్తావు. పటమదా వైపు నుంచి ఒకావిడ రోజూ కూరగాయల బుట్ట దించుకునేది అక్కడే. మీ నాయనమ్మా, ఎదురింటి సర్దార్నీ, మూలింటి బెంగాలీ టీచరూ బేరం పేరుతో అరగంట నిలబడేది ఆవిడ చుట్టూనే. నీ గోడ కడితే ఆవిడ రోడ్డు మీదకు జరగాలి, రోడ్డు మీద బళ్లు ఆగనివ్వవు. ఆ గోడ నాలుగడుగులు వెనక్కి జరుపు. నాలుగు చాలవేమో కూడా. పొద్దున్న ఆరున్నరకల్లా వస్తుంది, టేపు పట్టుకుని వెళ్లి ఎంత జాగా కావాలో ఆవిణ్ణే అడుగు.